గిటారుకి గొంతు వచ్చిన కథ

మొన్న ఉగాది కార్యక్రమంలో ఒక కుర్రాడు గిటారు సోలో అందుకోగానే వాల్యూం పెంచాడు. కీబోర్డు అబ్బాయి ఊరుకుంటాడా, తనూ పెంచాడు. డ్రమ్స్ సంగతి సరేసరి. మనవడి సోలో వినాలని ముందు వరసలో కూర్చున్న అమ్మమ్మగారికి హోరు తప్ప ఇంకేం వినపడలేదు.

ఈ చిక్కు పాతదే. 1930లలో అమెరికా జాజ్ బ్యాండ్లలో బాకాలు, శాక్సఫోన్ల మధ్య మామూలు గిటారు తాళానికి తోడుగా ఉండేదంతే. 1936లో గిబ్సన్ కంపెనీ ఈఎస్-150 అనే ఎలక్ట్రిక్ గిటారు తెచ్చింది. 1939లో ఆ గిటారుతోనే చార్లీ క్రిస్టియన్ అనే 23 ఏళ్ళ నల్లజాతి యువకుడు ఓక్లహోమా నుంచి వచ్చి బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు.

కరెంటు గిటారు అప్పటికే మరి కొందరి దగ్గరా ఉంది. నన్నడిగితే, తేడా అతను వాయించిన తీరులో ఉంది. తీగలన్నీ కలిపి మీటకుండా, శాక్సఫోన్‌లా ఒక్కొక్క స్వరమే పలికిస్తూ, మధ్యమధ్య ఊపిరి తీసుకున్నట్టు ఆగేవాడు. ఆరుగురి బృందంతో చేసిన రికార్డుల్లో అతని వంతు రాగానే గుడ్‌మన్ క్లారినెట్టు తప్పుకుంటుంది. పియానో, బాసు, డ్రమ్స్ వెనక మెల్లగా నడుస్తాయి. ఆ ఖాళీలోనే గిటారు తేటగా వినిపిస్తుంది. మన పిల్లల రిహార్సల్లో చేయాల్సిందీ అదే, కీబోర్డు బాబు ఆ కాసేపు చేతులు తీసేస్తే చాలు.

1941లో గుడ్‌మన్ పెద్ద బ్యాండు మొత్తాన్నీ గిటారు వెనక నిలబెట్టి 'సోలో ఫ్లైట్' రికార్డు చేశాడు. మరుసటి ఏడే క్రిస్టియన్ క్షయతో పోయాడు. 25 ఏళ్ళు. ఇప్పుడు ఆ రికార్డు వేస్తున్నాను, వినండి.