చంద్రుడికి దారి చూపిన ల్యాబు

అపోలో 11 అనగానే ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ గుర్తొస్తారు. వాళ్ళకి దారి చూపిన కంప్యూటర్ మాత్రం ఒక యూనివర్సిటీ ల్యాబులో పుట్టింది. 1961లో నాసా ఆ పనిని ఎమ్ఐటీలోని ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబొరేటరీకి అప్పగించింది. అప్పటికే పొలారిస్ క్షిపణులకి గైడెన్స్ డిజైన్ చేసిన అనుభవం వాళ్ళకుంది.

1969 జూలై 20న, చంద్రుడి మీద దిగుతుండగా, ఆ కంప్యూటర్ మీద మోయలేనంత పని పడి 1202 అలారం వచ్చింది. అయినా చేతులెత్తెయ్యలేదు. అంత ముఖ్యం కాని పనులు పక్కన పడేసి, నౌకని దింపే పని మాత్రం కొనసాగించింది. ఆ ల్యాబులో హాల్ లానింగ్ రూపొందించిన ప్రాధాన్యతల పద్ధతి చలవే అది.

అయితే క్షిపణుల పని కూడా అక్కడ ఆగలేదు. వియత్నాం యుద్ధం రోజుల్లో విద్యార్థులు ఎదురుతిరిగారు. చివరికి 1973లో ఎమ్ఐటీ ఆ ల్యాబుని వేరు చేసేసింది. చంద్రుడి దాకా వెళ్ళిన విద్య క్షిపణుల దగ్గర నేర్చుకున్నదే కదా! ఒకటి చెప్పి రెండోది దాచేస్తే సగం చరిత్రే చెప్పినట్టు.