సున్నపు గోడకు సున్నమే రక్ష

రఘునాథపల్లి (జనగామ జిల్లా): పాత ఇళ్ల వెలుపలి గోడలు పెచ్చులూడగానే సిమెంటు పూయించడం పరిపాటిగా మారింది. రాయి, మట్టి, సున్నంతో కట్టిన గోడలకు అదే చేటు. నేల నుంచి పీల్చుకున్న చెమ్మను ఈ గోడలు సున్నపు పూత ద్వారా వెలుపలికి విడిచిపెడతాయి. సిమెంటు ఆ దారిని మూసివేస్తుంది. దాంతో తేమ లోపలే నిలిచి, ఉప్పు పేరుకొని, కాలక్రమంలో పూతతోపాటు గోడ పొర సైతం రాలిపోతుంది.

మండలంలోని ఖిలాషాపురంలో సర్దార్ సర్వాయి పాపన్న కోట సిమెంటు ఎరుగని కాలపు కట్టడమే. పాపన్న 1710లో మరణించగా, పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు లభించినది 1824లో. అటువంటి పాత గోడలను పాత పద్ధతిలోనే బాగుచేయవలసి ఉంటుంది.

ముందుగా పైకప్పు కారకుండా, గోడ మొదట నీరు నిలవకుండా చూడాలి. వదులైన పూతను తొలగించి, రాళ్ల సందులు శుభ్రపరచి తడపాలి. నానిన సున్నం ఒక పాలుకు రెండు, మూడు పాళ్ల ఇసుక కలిపి గానుగలో నూరాలి. కరక్కాయ, బెల్లం నానిన నీటిని చేర్చడం పూర్వుల ఆనవాయితీ. పలుచని పొరలుగా పూసి, తడి గోనెపట్టాలు కప్పాలి. ఎండకు త్వరగా ఆరితే పూత బీటలు వారుతుంది. చివరగా వెల్ల వేయడమే శ్రేయస్కరం. ప్లాస్టిక్ రంగులు వేస్తే చెమ్మ మళ్లీ లోపలే నిలిచిపోతుంది.