కొలువు పోయిన తరువాత

ఒక జనసమూహాన్ని ఒకే పనిలో పెట్టి, ఆ పనినే వారి పేరుగా చేసి, ఆనక ఆ పనినే రద్దుచేస్తే వారి బిడ్డలేమవుతారు? మంచిర్యాలలో కూర్చుని రాసేవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. నేలబొగ్గు కోసం ఎక్కడెక్కడి పల్లెల నుంచో తరలివచ్చిన కుటుంబాల మధ్య మనం బతుకుతున్నాం. అయితే ఈ ప్రశ్నను మనకంటే ముందుగా, మనకంటే కఠినంగా ఎదుర్కొన్నవారు హైదరాబాదులోనే ఉన్నారు. వారు ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీలు.

నగరంలోని ఏ.సి. గార్డ్స్ పేట మీదుగా నిత్యం వేలమంది పోతుంటారు. ఆ రెండు పొడి అక్షరాల వెనుక 'ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్' అనే అశ్వదళం ఉన్నదని ఎరిగినవారు తక్కువ. తూర్పు ఆఫ్రికా నుంచి అరబ్బు వర్తకుల ఓడలలో బానిసలుగా వచ్చినవారు కొందరు, సైనికులుగా, నావికులుగా వచ్చినవారు మరికొందరు. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు పోషించిన ఆఫ్రికన్ దళం తరువాత నిజాం కొలువులో చేరింది. నిజాముకు అంగరక్షకులుగా, ఊరేగింపులకు అలంకారంగా వారు నిలిచారు.

దక్కనులో ఆఫ్రికావారి చరిత్ర అనగానే మాలిక్ అంబర్‌ను స్మరించడం ఆనవాయితీ. బానిసగా అమ్ముడుపోయిన ఆ అబిసీనియా బాలుడు అహమద్‌నగర్ రాజ్యానికి సర్వాధికారి అయినాడు. 1626లో చనిపోయేవరకు మొగలులను నిలువరించినాడు. నేటి ఔరంగాబాదుకు పునాది అయిన ఖడ్కీ నగరం ఆయన నిర్మించినదే. ఈ కథ సిద్దీ యువకునికి గర్వకారణమే, సందేహం లేదు. కాని ఒక వీరుని కీర్తి వేయిమంది సామాన్య సిపాయిల బతుకును కప్పివేయకూడదు. సిపాయికి దక్కినది రాజ్యం కాదు, జీతం. దానితోపాటు ఒక దొర నీడ.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. కొద్ది సంవత్సరాలలోనే నిజాం సైన్యాలు రద్దయినాయి, వాటితో ఈ దళమూ పోయింది. నిరంకుశ ప్రభుత్వం కూలిపోవడం చరిత్రలో ముందడుగు. అందులో వాదం లేదు. కాని ఆ ముందడుగు కింద నలిగినవారిని గూర్చి మాట్లాడకపోవడం అభ్యుదయం కాదు. తండ్రి తరువాత కొడుకు గుర్రమెక్కడమే తప్ప బడికి పోయే దారి అంతగా ఎరుగని జనానికి గుర్రమూ పోయింది, బడీ దొరకలేదు. వారి బిడ్డలు చిన్నాచితకా పనులలో పడ్డారు. పెళ్లి ఊరేగింపులలో వాయించే మర్ఫా వారికి ఒక జీవనాధారమైంది. యెమెన్ అరబ్బుల ఆ వాద్యంలో తమ లయను కలిపి, దానిని నగరమంతటి పండుగగా చేసినవారు వారే. వాద్యాన్ని మెచ్చిన నగరమే వారి రంగును వేళాకోళం చేసింది. గాయమంటే అదే. డబ్బు లేకపోవడం దానిలో సగం. సొంత ఊరిలో పరదేశిగా చూడబడడం మిగతా సగం.

ఈ గాయం మానేదెట్లా? గుజరాతులోని రతన్‌పూర్ దగ్గర బావాగోర్ దర్గాకు అన్ని మతాలవారూ రోగాలు నయం కావాలని పోతారు. ఆ దర్గాను సేవించేవారు సిద్దీలే. ఒకరి నొప్పిని పదిమందీ కలిసి డోలు వాయించి, ఆడిపాడి తగ్గించే ఆచారం వారు ఆఫ్రికా నుంచి తెచ్చుకున్నదే. నేను మహిమను సమర్థించడం లేదు. బాధను సమష్టిగా మోయాలన్న ఎరుక అందులో ఉన్నదని మాత్రం అంటున్నాను.

ఈ ఎరుక లేని సహాయం నిలవదు. 1987లో భారత క్రీడా ప్రాధికార సంస్థ గుజరాతు, కర్ణాటకల సిద్దీ పిల్లలను ఎంపికచేసి పరుగు పందాలకు తర్ఫీదునిచ్చింది. వారి శరీరాలలో పతకాలు కనిపించాయి. 1993లో ఆ పథకం ఆగిపోయింది. పిల్లలు తిరిగి ఇళ్లకు చేరారు. నిజాముకు అంగరక్షకుడు కావలసివచ్చాడు. ప్రభుత్వానికి పరుగువీరుడు కావలసివచ్చాడు. మనిషి ఎవరికీ కావలసిరాలేదు.

దీనికి భిన్నమైన దారి ఉన్నది. ఉత్తర కన్నడ సిద్దీలు సంఘాలుగా ఏర్పడి పోరాడి, 2003లో షెడ్యూలు తెగలుగా గుర్తింపు సాధించారు. గుజరాతు జాంబూరులో హీరాబాయి లోబి రేడియో విని పథకాలు తెలుసుకుని, స్త్రీలను కూడగట్టి, సేంద్రియ ఎరువు తయారీ, పిల్లల బడులు నడిపించారు. 2023లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. దొర ఇచ్చినది దొరతో పోయింది. జనం కట్టుకున్నది జనంతో ఉన్నది. తెలంగాణ షెడ్యూలు తెగల జాబితాలో మాత్రం సిద్దీల పేరు లేదు.

దీనికీ బొగ్గుబాయికీ సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. 1945లో సింగరేణి కంపెనీలో అధిక వాటాలు కొన్నది ఆ నిజాం ప్రభుత్వమే. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు 40 వేల దరిదాపులకు దిగింది. తండ్రి ఉద్యోగం కొడుక్కు వస్తుందన్న ఆశతో పెరిగిన యువకులు మన కాలనీలలో ఉన్నారు. బాయి నుంచి పైకెక్కినప్పుడు మన ముఖాలకు అంటిన నలుపు స్నానంతో పోతుంది. సిద్దీ సోదరుని నలుపుకు లోకం వేసిన వెల పోదు. తేడా అది. కొలువు పోయిన తరువాతి శూన్యం మాత్రం ఇద్దరిదీ.

పారిపోయివచ్చిన బానిస కొడుకు పాల్ రోబ్సన్ వేల్స్ గనికార్మికులతో చేయి కలిపినాడు. 1940లో 'ది ప్రౌడ్ వ్యాలీ' చిత్రంలో గనికార్మికుడుగా నటించినాడు. అమెరికా ప్రభుత్వం 1950లో ఆయన పాస్‌పోర్టు లాగుకున్నది. అయినా 1957లో ఆయన న్యూయార్కు నుంచి టెలిఫోను తీగ మీదుగా వేల్స్ కార్మికుల సభకు పాడినాడు. మరుసటి సంవత్సరం పాస్‌పోర్టు తిరిగి వచ్చింది.

ఆ తీగ కొన్నివేల మైళ్లు. మంచిర్యాల నుంచి ఏ.సి. గార్డ్స్‌కు ఒక పూట రైలు ప్రయాణం. మన యువజన సంఘాలు ఆ పేటకు పోవాలి. వారి యువకులను మన సభలకు వాద్యకారులుగా కాక వక్తలుగా పిలవాలి. తాతల దళం కథను వారే చెప్పగా, వారి పేర్లతోనే మనం అచ్చువేయాలి. ఉద్యోగం పోయినా మనుషులుగా నిలబడడమెట్లాగో రెండు జనాలూ ఒకరినుంచి ఒకరు నేర్చుకోవలసి ఉన్నది.