లేని ఫోన్‌కి పుట్టుపూర్వోత్తరాలు

ఆండ్రాయిడ్ మొదట బతికింది కంప్యూటర్‌లోనే. 2007 నవంబరు 12న గూగుల్ డెవలపర్ల కోసం ఎస్‌డీకే విడుదల చేసినప్పుడు అందులో ఒక ఎమ్యులేటర్ కూడా ఉంది: తెర మీద ఒక ఫోన్ బొమ్మ, మౌస్‌తో నొక్కితే పలికే మీటలు. హెచ్‌టీసీ తయారుచేసిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్, టీ-మొబైల్ జీ1, అమెరికాలో షాపుల్లోకి వచ్చింది 2008 అక్టోబరులో. అంటే దాదాపు పదకొండు నెలలపాటు, ఇంకా అమ్మకానికే రాని ఫోన్ కోసం జనం యాప్‌లు రాశారన్నమాట. గూగుల్ కోటి డాలర్లతో పోటీ పెడితే 2008 ఏప్రిల్ గడువుకల్లా 1,788 ఎంట్రీలు వచ్చిపడ్డాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు కదా. ఇక్కడ సోమలింగానికి 1,788 చొక్కాలు కూడా కుట్టేశారు.

ఇప్పుడు ఎవరైనా కంప్యూటర్‌లో ఆండ్రాయిడ్ నడుపుకోవాలనుకుంటే ముందు అడిగే ప్రశ్న ‘ఏది బెస్ట్?’ అని. బ్లూస్టాక్స్, నాక్స్, ఎల్‌డీప్లేయర్, జెనీమోషన్, ఆండ్రాయిడ్ స్టూడియోతో వచ్చేది... ఇలా పేర్ల చిట్టా ఒకటి చేతిలో పెడతారు. ఆ చిట్టాతో పెద్ద ఉపయోగం లేదు. ఒక్కోటీ ఒక్కో అవసరం కోసం పుట్టింది; ఎవరి అవసరం ఏమిటో తెలిస్తే ఎంపిక దానంతట అదే తేలిపోతుంది. నా మటుకు నాకు ఎమ్యులేటర్‌తో ఉన్న పని ఆటలూ కాదు, యాప్‌లు రాయడమూ కాదు. పదేళ్ళ కిందటి ఫోన్లలో, ఇప్పుడు ఎక్కడా తెరుచుకోని యాప్‌లలో, జనం తెలుగులో రాసుకున్నవి బోలెడు ఇరుక్కుపోయి ఉన్నాయి. వాటిని బయటికి తీయడం ఎలా అన్నదే నా గొడవ. విచిత్రమేమిటంటే, ఎమ్యులేటర్ అన్న మాట పుట్టిందే సరిగ్గా ఇలాంటి గొడవలో.

ఐబీఎం 1401 అనే కంప్యూటర్ 1959లో వచ్చింది. దశాంశ లెక్కలు చేసే, అక్షరం అక్షరంగా చదివే యంత్రం. ఎక్కువలో ఎక్కువ 16,000 అక్షరాల జ్ఞాపకశక్తి. అయినా వేల సంఖ్యలో అమ్ముడుపోయింది. మన రైల్వే జోన్లు కూడా 1960లలో వీటినే తెచ్చుకున్నాయి. కంపెనీల జీతాల పట్టీలు, స్టాకు లెక్కలు, బిల్లులు అన్నీ దాని భాషలోనే రాసి ఉండేవి. ఇంతలో ఐబీఎం తన పాత వంశాలన్నీ పక్కన పెట్టి సిస్టమ్/360 అనే కొత్త వంశాన్ని తయారుచేయడం మొదలెట్టింది. కొత్తదానికి పాతదాని భాష రాదు. మరి పాత ప్రోగ్రాములన్నీ మళ్ళీ రాయాలా? ఖాతాదారులు ఈ డైలమాలో పడతారని కనిపెట్టిన హనీవెల్ కంపెనీ, 1963 డిసెంబరులో హనీవెల్ 200 యంత్రాన్ని ప్రకటించింది. దానితోపాటు 1401 ప్రోగ్రాములను తన భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్ కూడా. దానికి పెట్టిన పేరు లిబరేటర్. విమోచకుడు! పేర్లు పెట్టడంలో హనీవెల్ వాళ్ళకి మొహమాటం లేదు.

ఐబీఎం జవాబు వేరే తీరుది. ప్రోగ్రాముల్ని అనువదించలేదు. కొత్త యంత్రం లోపలి మైక్రోకోడ్‌కే 1401లా ప్రవర్తించడం నేర్పింది. కొంత హార్డ్‌వేర్, కొంత సాఫ్ట్‌వేర్ కలిపిన ఈ పద్ధతికి ఐబీఎం ఇంజనీరు లారీ మాస్ ‘ఎమ్యులేటర్’ అని పేరు పెట్టాడు. 1964 ఏప్రిల్ 7న ప్రకటించిన 360 వరసలో మోడల్ 30, పాత 1401 ప్రోగ్రాములను అసలు 1401 కన్నా వేగంగా నడిపింది. మన పగటివేషగాళ్ళు గుర్తొస్తారు నాకు. నాటకంలో వేషానికి తెర ఉంటుంది, దీపాలుంటాయి. పగటివేషగాడు నడివీధిలో, పట్టపగలు, ఎదురుగా నిలబడి అడిగినదానికల్లా వేషం తప్పకుండా జవాబు చెప్పాలి. సిమ్యులేటర్‌కీ ఎమ్యులేటర్‌కీ ఉన్న తేడా దాదాపుగా ఇదే.

అక్కణ్ణుంచి నలభై ఏళ్ళు దాటేద్దాం. 2003లో ఫాబ్రీస్ బెల్లార్డ్ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ క్యూఈఎంయూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విడుదల చేశాడు. ఒక ప్రాసెసర్ భాషలో ఉన్న ఆదేశాలను ఇంకో ప్రాసెసర్ భాషలోకి, నడుస్తుండగానే మార్చే దుబాసీ అది. మంచి దుబాసీ పదం పదం దగ్గర ఆగడు. ఒక ముక్క మొత్తం విని చెప్తాడు, ఒకసారి చెప్పింది గుర్తుపెట్టుకుంటాడు. క్యూఈఎంయూ చేసేదీ అంతే: ఆదేశాలను ముక్కలుగా తీసుకుని, అనువదించి, ఆ అనువాదాన్ని దాచుకుని, అదే ముక్క మళ్ళీ వస్తే దాచినది వాడుతుంది. 2007లో గూగుల్ ఇచ్చిన ఎమ్యులేటర్ ఈ క్యూఈఎంయూ మీద కట్టిందే. లోపల ఉన్న ఊహా ఫోన్‌కి గోల్డ్‌ఫిష్ అని పేరు పెట్టారు. తర్వాత వచ్చినదాని పేరు రాంచూ, అదీ ఒక జాతి గోల్డ్‌ఫిషే.

ఎంత మంచి దుబాసీ అయినా సమయం తింటాడు. ఫోన్లది ఆర్మ్ భాష, మన కంప్యూటర్లది ఎక్స్86 భాష. తొలి ఏళ్ళ ఎమ్యులేటర్ ఆన్ చేసి కాఫీ కలుపుకొచ్చినా ‘ఆండ్రాయిడ్’ అన్న అక్షరాలు ఇంకా మెరుస్తూనే ఉండేవి. దీనికి మందు చాలా సాదా: అసలు దుబాసీ అవసరమే లేకుండా చేయడం. ఆండ్రాయిడ్‌ని ఎక్స్86 కోసం తిరిగి కంపైల్ చేస్తే ఇంటి భాషా అతిథి భాషా ఒకటైపోతాయి. అప్పుడు కావలసింది అనువాదకుడు కాదు, అతిథి హద్దు దాటకుండా చూసే కాపలాదారు మాత్రమే. ఈ కాపలా పనిని ఇంటెల్ 2005 చివర్లో, ఏఎండీ 2006లో నేరుగా ప్రాసెసర్‌లోకే ఎక్కించాయి. 2012లో ఇంటెల్ ఇచ్చిన హాక్స్‌ఎం అనే డ్రైవర్ ద్వారా ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ దాన్ని వాడుకోవడం మొదలెట్టింది. వేగం ఒక్కసారిగా మారిపోయింది.

ఈ చరిత్ర మీ కంప్యూటర్‌లో ఒక స్విచ్ రూపంలో ఉంది. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర ‘వర్చువలైజేషన్’ అన్న వరస చూడండి. ‘డిసేబుల్డ్’ అని ఉంటే బయోస్‌లోకి వెళ్ళి ఆన్ చేయాలి. ఇంటెల్ వాటిలో ‘వర్చువలైజేషన్ టెక్నాలజీ’ అనో ‘వీటీ-ఎక్స్’ అనో, ఏఎండీలో ‘ఎస్‌వీఎం’ అనో కనిపిస్తుంది. ఎమ్యులేటర్ నత్తనడక నడుస్తోందని వాపోయేవాళ్ళు ముందు చూడాల్సింది ఇదే. తర్వాత విండోస్ ఫీచర్లలో ‘విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్’ టిక్ పెట్టి రీస్టార్ట్ చేస్తే గూగుల్ ఎమ్యులేటర్‌కి సరిపోతుంది. హాక్స్‌ఎం ఇన్‌స్టాల్ చేయమని చెప్పే పాఠం కనిపిస్తే అది కాలం చెల్లినదని గుర్తు. ఇంటెల్ 2023లో దాన్ని ఆపేసింది. విండోస్ సొంత హైపర్-వీకీ, వర్చువల్‌బాక్స్ మీద కట్టిన ఎమ్యులేటర్లకీ చాలా ఏళ్ళు సవతిపోరు నడిచింది. ఒకదాని కోసం ఆన్ చేసింది ఇంకోదాని కోసం ఆఫ్ చేయాల్సి వచ్చేది. అందుకే రెండు మూడు ఎమ్యులేటర్లు ఒకేసారి పెట్టుకోవద్దంటాను.

మరి బ్లూస్టాక్స్ లాంటివో? వీటి వంశం వేరు. 2011 అక్టోబరులో తొలి ఆల్ఫా విడుదల చేసిన బ్లూస్టాక్స్ ఉద్దేశం మామూలు మనుషులు విండోస్‌లో ఫోన్ యాప్‌లు, ముఖ్యంగా ఆటలు, వాడుకోవడం. ఆటల ఎమ్యులేటర్లకి అప్పటికే ఒక కోర్టు చరిత్ర ఉంది. 1999లో సోనీ ప్లేస్టేషన్ ఆటలను మాక్‌లో నడిపిన కనెక్టిక్స్ కంపెనీ మీద సోనీ కేసు వేసింది. 2000లో అమెరికా అప్పీళ్ళ కోర్టు కనెక్టిక్స్ పక్షాన తీర్పు చెప్పింది: ఎమ్యులేటర్ తయారుచేయడానికి బయోస్‌ని కాపీ చేసి చదవడం న్యాయమైన వాడకమేనని. ఆ మరుసటేడాది సోనీ ఆ ఎమ్యులేటర్‌నే కొనేసి మూసేసింది. అలాంటి ఇంకో ఎమ్యులేటర్, బ్లీమ్, కోర్టులో గెలిచి కూడా లాయరు ఖర్చులకి చితికిపోయింది. ఆండ్రాయిడ్‌కి ఈ బెడద లేకపోవడానికి కారణం దాని మూల కోడ్ బహిరంగం కావడమే. అందుకే ఇన్ని రకాలు పుట్టుకొచ్చాయి.

ఆటలాడాలంటే అవి వాడండి, వాటికి కీబోర్డు మ్యాపింగ్ బాగుంటుంది. ప్రకటనలు ఎలాగూ తప్పవు. మీ అసలు గూగుల్ ఖాతా మాత్రం అందులో పెట్టకుండా వేరే ఖాతా ఒకటి తీసుకోండి. బ్యాంకు యాప్‌లు చాలావరకు ఎమ్యులేటర్‌ని పసిగట్టి తెరుచుకోవు, ఆ ప్రయత్నం మానుకోవడం మంచిది. ఇక కంపెనీ చలవ మీద బతికే ఎమ్యులేటర్‌ని ఎంతవరకు నమ్మొచ్చో మైక్రోసాఫ్ట్ చూపించింది: విండోస్ 11లోకి ఆర్భాటంగా తెచ్చిన ఆండ్రాయిడ్ సదుపాయాన్ని 2025 మార్చి 5న ఆపేసింది.

పాత యాప్‌ల దగ్గరికి వద్దాం. ఆండ్రాయిడ్‌లో తెలుగు అధికారికంగా కుదురుకున్నది 2012లో, 4.1 వెర్షన్‌తో. అంతకుముందు ఫోన్ తయారీదారు దయ తలిచి ఫాంటు వేస్తే సరే, లేకపోతే తెలుగు వెబ్‌సైటు నిండా డబ్బాలే. అప్పట్లో చదువరులు ఒపెరా మినీలో ‘ఒపెరా:కాన్ఫిగ్’ అని కొట్టి, సంక్లిష్ట లిపులకి బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమనే ఆప్షన్ ఆన్ చేసుకునేవాళ్ళు. ఎక్కడో సర్వర్ ఆ అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపితే ఇక్కడ చదువుకునేవాళ్ళం. 2012 తర్వాత ఫోన్‌లోనే తెలుగు రాయడం ఊపందుకుంది. డైరీలు, కవితలు, ఊరి సంగతులు, అమ్మమ్మ చెప్పిన వంటలు ఏదో ఒక నోట్స్ యాప్‌లోకి ఎక్కాయి.

ఆ యాప్‌ల మీద తలుపులు ఒక్కోటే మూసుకున్నాయి. 2019 ఆగస్టు నుంచి ప్లేస్టోర్ 64-బిట్ రూపం తప్పనిసరి చేసింది. 2022లో వచ్చిన పిక్సెల్ 7, 32-బిట్ యాప్‌లను అసలు నడపదు. ఆండ్రాయిడ్ 14, 2015కి ముందటి వెర్షన్ల కోసం రాసిన యాప్‌లను ఇన్‌స్టాలే చేయనివ్వదు. భద్రత దృష్ట్యా ఈ నిర్ణయాలు తప్పు కావు, కానీ ఐబీఎం తన 1401 ఖాతాదారుల గురించి పడ్డ బెంగ ఇక్కడెవరూ పడలేదు.

మీ పాత ఫోన్ ఇంకా ఆన్ అవుతుంటే పని ఈ రోజే చేయండి; బ్యాటరీ ఉబ్బాక చేయగలిగేది తక్కువ. 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ఆండ్రాయిడ్ స్టూడియో పెట్టుకుని, డివైస్ మేనేజర్‌లో కొత్త ఫోన్ సృష్టించండి. ఇమేజ్ అడిగినచోట కొత్తదాని మీద ఆశపడకుండా ఆండ్రాయిడ్ 11 ఎంచుకోండి. అది పాత యాప్‌లను రానిస్తుంది. పైగా దాని ఎక్స్86 ఇమేజ్‌లో ఆర్మ్ యాప్‌లను నడిపే దుబాసీ ఉంది, 2020లో గూగుల్ చేర్చింది. వ్యవస్థంతా కాకుండా ఆ యాప్ ముక్క ఒక్కటే అనువాదమవుతుంది కాబట్టి నత్తనడక ఉండదు. ఇమేజ్‌లలోనూ ‘గూగుల్ ప్లే’ అని ఉన్నది వద్దు, ‘గూగుల్ ఏపీఐస్’ అని ఉన్నది కావాలి. మొదటిదాంట్లో రూట్ అధికారం రాదు, రెండోదాంట్లో వస్తుంది. మన పనంతా ఆ రూట్ మీదే ఉంది. కొత్త మాక్‌లు వాడేవాళ్ళకి ఒక చిక్కు: వాటిదీ ఆర్మ్ భాషే అయినా పాత 32-బిట్ యాస రాదు. అదృష్టవశాత్తూ మామూలు నోట్స్ యాప్‌లు చాలామటుకు జావాలోనే రాసినవి, వాటికి ఈ యాసల గొడవ లేదు.

పాత ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. అక్కడ యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ కలపండి. ఏడీబీతో రెండు పనులు: యాప్ ఏపీకే ఫైల్‌ని కంప్యూటర్‌లోకి లాక్కోవడం, ‘ఏడీబీ బ్యాకప్’తో దాని డేటాని తీసుకోవడం. తర్వాత అదే ఏపీకేని ఎమ్యులేటర్‌లో ఇన్‌స్టాల్ చేసి ‘ఏడీబీ రిస్టోర్’ ఇవ్వాలి. బ్యాకప్ వద్దని యాప్ రాసినవాళ్ళే నిషేధించి ఉంటే ఈ దారి పనిచేయదు. రాతలు ఫోన్‌లో కాకుండా మూతపడ్డ ఏ సర్వర్‌లోనో ఉండి ఉంటే యాప్ తెరుచుకుంటుంది, లోపల ఖాళీ. ఫోన్ వేషం ఎంత బాగా కట్టినా అవతలి సర్వర్ వేషం కట్టడం ఎమ్యులేటర్ వల్ల కాదు.

అన్నీ కలిసొస్తే, ‘ఏడీబీ రూట్’ ఇచ్చి, డేటా ఫోల్డర్‌లో ఆ యాప్ పేరుతో ఉన్న డైరెక్టరీలోంచి డేటాబేస్ ఫైల్‌ని బయటికి తీయండి. ఏదైనా ఎస్‌క్యూలైట్ బ్రౌజర్‌లో తెరిస్తే ఒక పట్టికలో రాతలన్నీ యూనికోడ్ తెలుగులో వరసగా కనిపిస్తాయి. పక్కన తేదీలు ఉండాల్సినచోట పదమూడంకెల సంఖ్యలుంటే కంగారుపడొద్దు, అవి 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన మిల్లీసెకన్లు. వెయ్యితో భాగించి మామూలు తేదీల్లోకి మార్చుకుంటే ఏ రాత ఏ రాత్రి రాసుకున్నదో తెలుస్తుంది.