చిన్న కారు – పెద్ద వివాదము

ఒక వస్తువునకు వారసత్వమనగా నేమి? దాని రూపమా, పేరా, లేక అది పుట్టుటకు కారణమైన ఆశయమా? ఇట్టి ప్రశ్న ఆలయములకును, శిల్పములకును మాత్రమే చెందినదని తోచవచ్చును. కాని బ్రిటిషువారి 'మినీ' అను చిన్న కారును గూర్చి మోటారు ప్రియుల నడుమ ఈ తగవే రెండు దశాబ్దములకు పైగా సాగుచున్నది.

1956లో సూయజ్ కాలువ సంక్షోభము వలన బ్రిటనులో పెట్రోలునకు రేషను విధింపబడినది. నీటిబుడగలను పోలిన జర్మను చిట్టికార్లు వీధులలో కానవచ్చెను. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లెనార్డ్ లార్డ్‌కు అవి రుచింపలేదు. నలుగురు సుఖముగ కూర్చుండదగిన అసలైన చిన్న కారును రూపొందించు భారమును ఆయన అలెక్ ఇసిగోనిస్‌పై నుంచెను. 1906లో స్మిర్నాలో, అనగా నేటి తుర్కీలోని ఇజ్మీరు నగరములో జన్మించిన ఇసిగోనిస్ అప్పటికే 'మోరిస్ మైనర్' రూపకర్తగా పేరొందియుండెను.

కారు పొడవు పది అడుగులు, అనగా 3.05 మీటర్లు మాత్రమే. అంత కొలతలో నలుగురి నెట్లు ఇముడ్చుట? ఇసిగోనిస్ ఇంజనును అడ్డముగా త్రిప్పి, గేరుపెట్టెను దాని క్రిందనే అమర్చెను. ముందు చక్రములకే శక్తి నందజేసెను. చక్రముల వ్యాసము పది అంగుళములకు తగ్గినది. ఇనుప స్ప్రింగులకు బదులు రబ్బరు వచ్చినది. ఇందువలన కారు ఆక్రమించు చోటులో నూటికి ఎనుబది వంతులు మనుషులకును, సామానునకును దక్కినవి. తలుపుల లోపలి గుల్లతనము సహితము వస్తువు లుంచుకొను అర యైనది. ఆ రూపము అలంకార దృష్టితో పుట్టినది కాదు. అవసరమే దానిని తీర్చిదిద్దెను.

1959 ఆగస్టు 26న మినీ విడుదలయ్యెను. పిట్ట కొంచెము, కూత ఘనము అన్నట్లు, 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటెకార్లో ర్యాలీని గెలిచినది. 2000 అక్టోబరులో ఉత్పత్తి నిలిచిపోవునాటికి 53 లక్షలకు పైగా కార్లు తయారైనవి.

1994లో రోవర్ సంస్థను కొనిన జర్మనీ సంస్థ బి.ఎం.డబ్ల్యు., 2000లో దానిని వదలుకొన్నను 'మినీ' పేరును మాత్రము విడువలేదు. ఫ్రాంక్ స్టీఫెన్‌సన్ రూపకల్పనలో 2001లో క్రొత్త మినీ వచ్చినది. గుండ్రని దీపములు, వేరు రంగు పైకప్పు, నాలుగు మూలలకు జరిగిన చక్రములు పాత కారును తలపించెను. కాని పొడవు సుమారు 3.63 మీటర్లకు పెరిగినది. 2010లో వచ్చిన 'కంట్రీమన్' నాలుగు మీటర్లను దాటినది.

ఇచ్చటనే అభిమానులు రెండుగా చీలిరి. పొడవు పెరిగియు వెనుక సీటులో కాళ్లు చాపుటకు చోటు చాలలేదనియు, తండ్రి ముఖకవళికలు వచ్చినను గుణము రాలేదనియు ఒక పక్షము వాదించినది. ప్రమాదములలో ప్రాణరక్షణకు కావలసిన దిట్టమైన దేహము, గాలిసంచులు 1959 నాటి కొలతలలో ఇముడవనియు, రూపమును నిలుపకున్నచో పేరే మాసిపోయెడిదనియు రెండవ పక్షము బదులు చెప్పినది. ఇటలీవారి ఫియట్ 500 సైతము 1957లో 2.97 మీటర్లుండి, 2007 నాటి పునర్జన్మలో సుమారు 3.55 మీటర్లైనది. కావున కొంత ఎదుగుదల అనివార్యమే. ఐనను నాలుగు మీటర్లను మించిన కారునకు 'మినీ' యను పేరు పెట్టుట భద్రత కోరినది కాదు. అది విపణి కోరినది.

భారతదేశపు అనుభవము ఈ వివాదమునకు మరియొక వెలుగు చూపుచున్నది. అంబాసిడర్‌కు మాతృకయైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ తయారైన కౌలీలోనే బి.ఎం.డబ్ల్యు. మినీయు రూపొందినది. ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్ తన రూపమును దాదాపు మార్చుకొనక సచివాలయముల ముంగిళ్లలో దశాబ్దములు నిలిచి, 2014లో అంతరించెను. 1983లో వచ్చిన మారుతి 800కు మినీ పోలికలు లేవు. ఐనను అడ్డముగా నిలిచిన ఇంజను, ముందు చక్రముల చోదనము, చిన్న దేహములో కుటుంబమంతటికి చోటు దానికి కలవు. రూపమునకు వారసుడు ఆక్స్‌ఫర్డులో జన్మింపగా, ఆశయమునకు వారసుడు భారత మధ్యతరగతి గృహముల ముంగిట నిలిచెనన్నమాట.

పూర్వుల రూపమును కాపాడుట గౌరవమే. కాని వారు ఏ చిక్కును విప్పుటకై శ్రమించిరో, నేటి పరిస్థితులలో ఆ చిక్కును తిరిగి విప్పగలుగుట అంతకంటె మిన్నయైన గౌరవము. పెట్రోలు భారమును, వీధుల ఇరుకును తీరని నగరములలో ఇసిగోనిస్ ఎదుర్కొనిన ప్రశ్న నేటికిని సమాధానమునకై వేచియున్నది.