ఉప్పు నడిచే దారి: అయోడిన్ లోపపు పటం - ఒక పునఃపరిశీలన

మన వైద్య భూగోళ గ్రంథాల్లో అయోడిన్ లోపం ఇప్పటికీ హిమాలయాల దగ్గరే ఆగిపోయింది. కాశ్మీరు నుంచి ఈశాన్యం దాకా ఒక పట్టీ గీసి, దానికి ‘గాయిటర్ మండలం’ అని పేరు పెట్టి, వానలూ హిమానీనదాలూ మట్టిలోని అయోడిన్‌ను కడిగేశాయని ఒక వాక్యం రాసి అధ్యాయం ముగిస్తారు. మైదానాల్లోనూ తీరంలోనూ లోపం బయటపడి దశాబ్దాలు గడిచినా ఆ పట్టీ చెరగలేదు. నేటి లోపాన్ని నిర్ణయిస్తున్నది మట్టి కాదు, ఉప్పు ఇంటికి చేరే దారి అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

మట్టివాదులు తమకు అండగా చూపేది ఆ హిమాలయ పట్టీలోని కాంగ్రా లోయనే. శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో అక్కడ ప్రయోగం మొదలుపెట్టారు. లోయను మూడు మండలాలుగా విభజించి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. కొన్నేళ్లకు ఆ రెండింటిలో గాయిటర్ బాగా తగ్గింది. మూడోదానిలో అలా తగ్గలేదు. 1962లో వచ్చిన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి ఇదే పునాది. మట్టివాదులు ఈ ప్రయోగాన్ని ఉదహరిస్తారే గాని దాని సారాన్ని పట్టించుకోరు. అక్కడ మట్టి మారలేదు, నీరు మారలేదు. మారింది ఉప్పు ఒక్కటే. మట్టి ఉన్నట్టే ఉండగా జబ్బు తగ్గిందంటే, కాంగ్రా ఉప్పు పక్షానే సాక్ష్యం చెబుతోంది.

2018-19 భారత అయోడిన్ సర్వేతో ఈ సంగతి దేశమంతటికీ తేటతెల్లమైంది. కనీసం 15 పి.పి.ఎం. అయోడిన్ ఉన్న ఉప్పు వాడే ఇళ్లు దేశం మొత్తం మీద 76.3 శాతం. జమ్మూ కాశ్మీరులో 99.8, నాగాలాండ్‌లో 99.7. అట్టడుగున తమిళనాడు 61.9, దాని పైన ఆంధ్రప్రదేశ్ 63.9. పాత పటం తలకిందులైంది. ఉప్పు పండని కొండలకు రక్షణ దొరికింది. ఉప్పు పండించే తీరానికి దొరకలేదు.

కారణం తీరప్రాంతపు కిరాణా కొట్టు ముందు నిలబడితే తెలుస్తుంది. చినగంజాం, నౌపడా వంటి చోట్ల ఉప్పు కొఠార్లు ఊళ్లకు కూతవేటు దూరంలో ఉంటాయి. ప్యాకెట్ ఉప్పు కొట్టు లోపల అలమరలో ఉంటుంది. కల్లుప్పు బస్తా అరుగు మీద, మూతి విప్పి, ఎండకూ మంచుకూ వదిలేసి ఉంటుంది. రెండింటి మీదా పరీక్ష ద్రావణం ఒక్కో చుక్క వేస్తే ప్యాకెట్ ఉప్పు ముదురు ఊదారంగుకు తిరుగుతుంది, కల్లుప్పు తెల్లగానే ఉండిపోతుంది. సముద్రపు ఉప్పులో అన్నీ ఉంటాయన్న నమ్మకం అక్కడ బలంగా ఉంది. నిజానికి ఆరబెట్టిన సముద్రపు ఉప్పులో మిగిలే అయోడిన్ అత్యల్పం. ప్యాకెట్ ఉప్పు వేస్తే ఆవకాయ చెడుతుందని ఇల్లాళ్ల అభిప్రాయం. కనుక ఏడాది పొడుగునా తినే ఊరగాయలోకీ, ఎండుచేపల్లోకీ కల్లుప్పే పడుతుంది. దూరప్రాంతాలకు పోయే ఉప్పు పెద్ద ఉత్పత్తిదారుల చేతుల మీదుగా శుద్ధి అయి, ప్యాకెట్లలో, తనిఖీకి దొరికే దారుల్లో వెళుతుంది. కొఠారు నుంచి పక్క ఊరికి ట్రాక్టర్‌లో వెళ్లే బస్తాను ఆపి చూసేవారు లేరు. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మడంపై 2000లో ఎత్తేసిన నిషేధం 2006 మేలో మళ్లీ అమల్లోకి వచ్చినా ఆ బస్తా దాకా చేరలేదు.

అదే సర్వేలో మూత్రంలోని అయోడిన్ జాతీయ మధ్యస్థ విలువ లీటరుకు 173.4 మైక్రోగ్రాములు, అంటే సరిపడినంత ఉందనే వాదన ఉంది గాని, తీరంలోని గర్భిణి పరిస్థితిని జాతీయ అంకె చెప్పలేదు.

ఈ సూత్రం అయోడిన్‌తో ఆగదు. 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో కౌమార వయస్కుల్లో 32 శాతం మందికి జింకు లోపం కనిపించింది. దీన్ని కూడా నేలల జింకు పటంతో జతకట్టే ప్రయత్నాలు సాగుతున్నాయి. కంచంలోకి వచ్చేది రేషన్ బియ్యమైనప్పుడు, అది పండిన పొలం ఆ ఊరిదే కానక్కరలేదు. కనుక ఈ దేశంలో ఖనిజ లోపాలన్నిటికీ పటం గీయాల్సింది గోదాములూ, రేషన్ దుకాణాలూ, సరుకు దారుల మీదే. అయోడిన్ విషయంలో చేయాల్సిన పని కూడా అక్కడే ఉంది: తీరం ప్రజలను కల్లుప్పు మానమనడం కాదు, చినగంజాం, నౌపడా కొఠార్ల గట్టు మీదే, బస్తా కట్టకముందే, ప్రభుత్వ ఖర్చుతో కల్లుప్పుకు అయోడిన్ పట్టించాలి.