పలనాటి బ్రహ్మనాయుడు: మత సంఘర్షణల కాలంలో ఒక మంత్రి జీవితం

విద్యార్థులారా, మధ్యయుగాల మతయుద్ధాలు అనగానే మీకు ఐరోపా గుర్తుకు రావచ్చు. ఫ్రాన్సు దక్షిణ ప్రాంతంలో మతభ్రష్టులను అణచడానికి పోప్ మూడవ ఇన్నోసెంట్ పిలుపు ఇవ్వగా 1209లో క్రూసేడ్ మొదలైంది. తూలూజ్ ప్రభువు ఆరవ రేమాండ్ అందులో చిక్కుకొని తన అధికారాన్ని పోగొట్టుకున్నాడు. దానికి సుమారు ముప్పై ఏళ్ల ముందే, పొదిలికి ఉత్తరాన త్రిపురాంతకం, వినుకొండ దాటితే వచ్చే పలనాటిలో, నాగులేటి ఒడ్డున కారంపూడి వద్ద ఒక యుద్ధం జరిగింది. దానినీ చాలామంది శైవ వైష్ణవ యుద్ధమనే అంటారు. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో బ్రహ్మనాయుని జీవితం ఆధారంగా పరిశీలిద్దాం.

ముందుగా ఆధారాల సంగతి. యుద్ధం 1180కి కాస్త అటూ ఇటూగా జరిగింది. దానిని కావ్యంగా చెప్పిన శ్రీనాథుడు 15వ శతాబ్దివాడు. అంటే మధ్యలో రెండు వందల ఏళ్లకు పైగా ఎడం ఉంది. ఆ ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. అంతకాలమూ కథను ప్రజల మధ్య బతికించినవారు వీరవిద్యావంతులనే గాయకులు. కనుక మీరు చదివేది ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలం కాదు, తరతరాల జ్ఞాపకం. అంతమాత్రాన దానిని కట్టుకథగా కొట్టివేయడం కూడా తొందరపాటే అవుతుంది.

కథాక్రమం మీకు తెలిసే ఉంటుంది, క్లుప్తంగా చెబుతాను. హైహయ వంశస్థుడైన అనుగురాజు వెలనాటి చోళుల ఆడపడుచు మైలమదేవిని పెళ్లాడి పలనాటిని అరణంగా పొందాడు. మైలమదేవి కొడుకు నలగామరాజు గురజాలలో రాజయ్యాడు. మరో భార్య వీరవిద్యాదేవి కొడుకు మలిదేవుడు. తండ్రి కాలం నుంచీ మంత్రిగా ఉన్న బ్రహ్మనాయుడు మలిదేవుని పక్షాన నిలిచాడు. నలగాముని కొలువులో నాయకురాలు నాగమ్మ ప్రాబల్యం పెరిగింది. రాజ్యం రెండుగా చీలి, మాచర్ల మలిదేవునికి దక్కింది. తరువాత కోడిపందెంలో ఓడి మాచర్లవారు ఏడేళ్లు వలస పోయారు. గడువు తీరాక తమ భాగం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. అలరాజు స్వయంగా నలగామునికి అల్లుడు. ఈ చావుతో సంధికి దారి మూసుకుపోయింది.

ఇందులో మతం ఎక్కడుంది? బ్రహ్మనాయుడు వైష్ణవుడు, మాచర్ల చెన్నకేశవుని భక్తుడు. నాగమ్మను శైవురాలిగా చెబుతారు. అది రామానుజుని బోధ తెలుగునాట వ్యాపిస్తున్న కాలం. అటు కల్యాణంలో బసవేశ్వరుడు లేవదీసిన వీరశైవ ఉద్యమం కూడా ఇటు పాకుతోంది. కాని తగవును వరుసగా చూడండి: సవతి అన్నదమ్ముల పంపకం, మంత్రుల మధ్య పోటీ, పందెం, హత్య. ఏ పీఠాధిపతీ యుద్ధానికి పిలుపు ఇవ్వలేదు. ఎదుటివారి మతం మార్చడం ఎవరి షరతూ కాదు. పైగా వైష్ణవ నాయకుని వెంట నడిచిన వీరులు కొలిచిన దేవత అంకమ్మ. ఫ్రాన్సు ఉదాహరణకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది.

అలాగని మతాన్ని పూర్తిగా పక్కన పెట్టలేం. బ్రహ్మనాయుడు తన భక్తిని భోజనాల చాప దాకా తెచ్చాడు. అన్ని కులాలవారినీ ఒకే బంతిలో కూర్చోబెట్టిన ఆ పద్ధతికే చాపకూడు అని పేరు. మాల కులస్థుడైన కన్నమదాసును కొడుకుగా చేరదీసి, సేనాపతిని చేశాడు. ఆయన కన్నకొడుకు బాలచంద్రునికి సోదరులుగా పెరిగి, యుద్ధంలో పక్కన నిలిచినవారు కూడా వేర్వేరు కులాల పిల్లలే. పన్నెండవ శతాబ్దిలో ఇది చిన్న విషయం కాదు. ఎవరు ఎవరితో కలిసి తినవచ్చునన్న ప్రశ్న అధికారాన్నే తాకుతుంది. దేవుని పేరు కంటే ఈ చాపే పాతకాపులను ఎక్కువగా కలవరపెట్టి ఉంటుందని నా అభిప్రాయం. ఇంకొక మాట. నాగమ్మను కేవలం కుట్రదారుగా చూపే పాఠాలను జాగ్రత్తగా చదవండి. రాజ్యతంత్రం నడిపిన స్త్రీని మెచ్చుకునే అలవాటు ఆ కథకులకు తక్కువ. ఎత్తుకు పైఎత్తు వేస్తే పురుషుడిని నీతిజ్ఞుడంటారు, ఆమెను మాత్రం మాయలాడి అంటారు.

యుద్ధంలో బాలచంద్రుడు, కన్నమదాసు, మలిదేవుడు అందరూ నేలకొరిగారు. గెలిచిన బ్రహ్మనాయుడు సింహాసనం ఎక్కలేదు, నలగామునికే రాజ్యం అప్పగించి గుత్తికొండ బిలంలోకి తపస్సుకు వెళ్లాడని కథ. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడని నమ్మేవారిని నేటికీ చూస్తాం. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారంపూడిలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు పేర్లతో వీరుల తిరునాళ్లు జరుగుతాయి.

రాజకీయ ఫలితం మరోచోట కనిపిస్తుంది. పలనాటి రాజుల బంధువులైన వెలనాటి చోళుల బలం ఈ దశలోనే క్షీణించింది. ఆ ఖాళీలోకి ఓరుగల్లు కాకతీయులు వచ్చారు. రుద్రదేవుని 1185 నాటి శాసనం త్రిపురాంతకంలో ఉంది. పొదిలి పరిసరాల్లో ఉన్న విద్యార్థులు వీలు చూసుకొని ఆ ఆలయానికి వెళ్లి రండి. కారంపూడిలో చచ్చిపోయిన ఏ వీరుని పేరూ ఆ రాతి మీద లేదు.